నూట పన్నెండు ఫ్యూజుల పెట్టె

ఫారం నంబరు ఏడులో ఆరో గడి ఒకటుంది. 'గృహమునందు గల ఫ్యూజుల సంఖ్య' అని దాని పేరు. భద్రతా పక్షోత్సవాల సందర్భంగా మా గృహ విద్యుత్ భద్రతా సంస్థ, నల్లరాయిపాడు డివిజన్‌లో ఇంటింటికీ ఆరువేల ఫారాలు పంచింది. ఆ గడిలో రెండు అని రాసినవాళ్లే ఎక్కువ. మూడు రాసినవాళ్లు కొందరు. అసలా గడి జోలికే పోనివాళ్లు అందరికంటే తెలివైనవాళ్లు. పలకల వీధిలో కాశింబీ అనే ఆవిడ మాత్రం నూట పద్నాలుగు అని రాసింది.

అంకెల్లో రాసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. జూనియర్ అసిస్టెంటుగా పదకొండేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, ముందున్న ఒకట్లు రెండూ కొట్టేసి నాలుగు ఉంచేసేవాణ్ని. ఆవిడ పక్కనే అక్షరాల్లో కూడా రాసింది. అంకెలు దిద్దవచ్చు గానీ అక్షరాలు దిద్దే అధికారం నాకు లేదు. కాబట్టి ఫారం పట్టుకుని సూపరింటెండెంట్ త్రిపురసుందరి గారి దగ్గరకు వెళ్లాను.

ఆమె కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివారు.

"చెంచురామయ్యా, ఒక ఇంట్లో నూట పద్నాలుగు ఫ్యూజులుంటాయా?"

"ఉండవు మేడమ్."

"లేకపోతే ఆమె తప్పుడు సమాచారం ఇచ్చినట్టు. ఉంటే అనుమతి లేకుండా పెట్టుకున్నట్టు. రెండింట్లో ఏదైనా మనకు ఉల్లంఘనే. వెళ్లి ఏదో ఒకటి తేల్చుకుని రా."

ఆమె ఉత్సాహానికి కారణం ఉంది. పక్షోత్సవాలు మొదలై నాలుగు రోజులైనా మా డివిజన్ పట్టుకున్న ఉల్లంఘన ఒక్కటీ లేదు. పై ఆఫీసు నుంచి రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారు. 'లేదు' అని చెప్పీ చెప్పీ ఆవిడకు అవమానంగా ఉంది.

పలకల వీధిలో ఆ ఇల్లు వెతుక్కోవలసిన పని లేకపోయింది. ముందు గదిలో మిక్సీలు, చార్జింగు లైట్లు, టేబుల్ ఫ్యాన్లు విప్పి పరిచి ఉన్నాయి. వాటి మధ్య నలభై ఐదేళ్ల మనిషి కూర్చుని ఏదో అతుకు వేస్తోంది. ఆవిడే కాశింబీ. వెనక గదిలో మంచం మీద ఆమె భర్త మస్తాన్‌వలీ, ముక్కుకు గొట్టం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇరవై రెండేళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసినవాడు. ఆ రాతిపొడి ఇప్పుడు ఊపిరితిత్తుల్లో ఉంది. మంచం పక్కన గాలిలోంచి ఆక్సిజన్ లాగి ఇచ్చే మిషను ఒకటి గురగురమంటోంది. రోజుకు పదహారు గంటలు ఆ మిషను తిరగాలని డాక్టర్లు చెప్పారట. మా ఊళ్లో కరెంటు అంత సేపు వరసగా ఉంటుందని ఏ డాక్టరూ చెప్పలేడు.

"ఫ్యూజులెక్కడమ్మా?" అన్నాను.

"ఇయ్యే సార్. లెక్కపెట్టుకోండి," అని ఆవిడ మంచం కింది నుంచి పలకలు సర్దే చెక్కపెట్టె ఒకటి లాగి మూత తీసింది.

లోపల అడుగునా, అంచులకూ పలకరాయి పరిచి ఉంది. దాని మీద బొటనవేలంత లావు సెల్లులు బారులు తీరి నిలబడ్డాయి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు పగలగొట్టి, వాటిలో ఇంకా పనికొచ్చే సెల్లులు ఏరి, తనే కూర్చిందట. ఒక్కో సెల్లు నెత్తి మీద నుంచి ఒక్కో సన్నటి తీగె పక్కనున్న రాగి పట్టీ దాకా వెళ్లింది. తలవెంట్రుక కంటే కొంచెం లావుంటుందేమో.

"పెట్టెకంతా కలిపి ఒక ఫ్యూజు చాలదా?"

"చాలదు సార్. పదహారు సెల్లులు ఒక వరస. అట్టాంటి వరసలు ఏడు. వరసలో ఒకటి లోపల్లోపలే పాడైందనుకోండి, మిగతా పదిహేనూ వాటి కరెంటంతా దాంట్లోకే తోస్తాయి. అది కాగి కాగి పక్కదాన్ని కూడా తగలబెట్టుద్ది. బయట ఎంత పెద్ద ఫ్యూజు పెట్టినా దానికి ఆ సంగతే తెలీదు, గొడవంతా లోపలే గదా. అందుకని దేని తీగె దానికి పెట్టినా. పాడైనదాని తీగె ఒక్కటే కరిగిపోద్ది. అది పక్కకి తప్పుకుంటది. మిగతా పదిహేనూ వాటి పని అవి చేసుకుంటా ఉంటాయి."

మా సంస్థ శిక్షణ తరగతుల్లో ఇంత బాగా అర్థమైన పాఠం నాకు ఒక్కటీ గుర్తులేదు. అయితే అర్థం చేసుకోవడం నా విధుల్లో లేదు. పెట్టెలో నూట పన్నెండు, మీటరు దగ్గర రెండు లెక్కపెట్టుకున్నాను.

"ఇవన్నీ ఫారంలో ఎందుకు రాశారమ్మా?"

"ఉన్నాయి గదా సార్. అడిగితే రాసినా."

ఆవిడ రాసింది అక్షరాలా నిజమని ఆ విధంగా నిర్ధారణ అయింది. కాబట్టి నివేదికలో 'ఉల్లంఘన రుజువైనది' అని రాశాను.

మా డివిజనల్ అధికారి పరాంకుశం గారు నియమావళిని కంఠస్థం చేసిన మనిషి. ఇంట్లో కూడా ఆయన నియమావళి భాషలోనే మాట్లాడతారని, భోజనానికి పిలిస్తే 'పరిశీలనలో ఉన్నది' అంటారని ఆఫీసులో అనుకుంటారు. ఆయన నా నివేదిక చదివి, తొమ్మిదో నియమం ప్రకారం నోటీసు రాయించారు: 'తమ గృహమునందు నెలకొల్పబడిన నూట పద్నాలుగు ఫ్యూజులకు గాను, ప్రతి ఫ్యూజునకు విడివిడిగా, పుర్రె గుర్తు గల ప్రమాద సూచిక ఫలకమును మూడు దినములలో అమర్చవలెను. ఫలకము పొడవు ఇరువది ఐదు సెంటీమీటర్లు, వెడల్పు ఇరువది.'

మర్నాడు కాశింబీ నోటీసు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"సార్, ఆ పెట్టె మీద ఇట్టాంటి బోర్డులు రెండు కూడా పట్టవు."

"పట్టకపోవుట పెట్టె యొక్క లోపము. నియమము యొక్క లోపము కాదు," అన్నారు పరాంకుశం గారు.

"యాడ పెట్టమంటారు మరి?"

"ఫ్యూజునకు వీలైనంత సమీపమున."

మూడు రోజుల తర్వాత పరాంకుశం గారు, త్రిపురసుందరి గారు, నేను తనిఖీకి వెళ్లాం. పలకల వీధిలో విరిగిన పలకలకు కొదవలేదు. ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా పోసి ఉంటాయి. ఆవిడ అవి ఏరుకొచ్చి కొలత ప్రకారం కోయించింది. మస్తాన్‌వలీ మంచం మీద కూర్చుని సుద్దముక్కతో నూట పద్నాలుగు పుర్రెలు గీశాడు. ఇంటి గోడలన్నీ నిండిపోగా మిగిలినవి ఎదురింటి ప్రహరీ మీదకు, అక్కడి నుంచి కల్లు దుకాణం తడిక దాకా వెళ్లాయి. కల్లు దుకాణానికి ఆ మూడు రోజులూ బేరం తగ్గిందట. మద్యపాన నిషేధ శాఖ వాళ్లు ఇంతకాలం చేయలేని పని అది, కానీ ఆ విషయం మా పరిధిలోనిది కాదు.

పరాంకుశం గారు వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకు నడిచి, ఒక్కో పుర్రె ముందూ ఆగి చూశారు.

"ఇవి నవ్వుచున్నవి," అన్నారు చివరికి.

నిజమే. పుర్రెలన్నీ పళ్లు బయటపెట్టి, కొంచెం పక్కకు తలవంచి నవ్వుతున్నాయి.

"ప్రమాద సూచిక నవ్వరాదు. చూచువారికి ప్రమాదము పట్ల స్నేహభావము కలుగును."

"నాకు... ఏడుపు బొమ్మలు రావు సార్," అన్నాడు మస్తాన్‌వలీ, రెండు మాటలకొకసారి ఊపిరి అందుకుంటూ. "చిన్నప్పటి నుంచీ... గీసినవన్నీ... ఇట్టాగే వచ్చేవి."

అయినా మర్నాటికి మూతులన్నీ చెరిపి అడ్డంగా గీతలు పెట్టాడు. తొమ్మిదో నియమం తీరింది. ఇక పదోది. ప్రతి ఫ్యూజు ముందూ నిలబడేందుకు మీటరు పొడవు, మీటరు వెడల్పు రబ్బరు చాప ఉండాలి. ఒక చాప మీద ఇంకొకటి వేయకూడదు. పరాంకుశం గారు ఆవిణ్ని ఆఫీసుకు పిలిపించి, కుర్చీ చూపించకుండానే లెక్క చెప్పారు.

"నూట పద్నాలుగు చదరపు మీటర్లు కావలెను. తమ గృహము ముప్పది ఎనిమిది చదరపు మీటర్లు. కావున తమకు మూడు గృహములు అవసరము."

"ఉన్న ఒక్కటీ అద్దెది సార్."

"అట్లయిన రెండవ మార్గము గలదు. ఫ్యూజులు తీసివేయుడు. ఫ్యూజులే లేని పెట్టెకు మా నియమావళి వర్తించదు. అట్టి పెట్టె సర్వస్వతంత్రము."

కాశింబీ తల అడ్డంగా ఊపింది.

"తీసేస్తే తగలబడుద్ది సార్."

"తగలబడినచో అది అగ్నిమాపక శాఖ వారి పరిధి. వారి పరిధిలో మేము జోక్యము చేసుకొనము."

ఇతర శాఖల పట్ల మా అధికారి చూపించే మర్యాద అటువంటిది.

"అంటే తగలబడే పెట్టె పెట్టుకుంటే పర్లేదు. తగలబడకుండా చేసుకుంటే తప్పు. అంతేనా సార్?"

"నియమావళిలో ఆ విధముగా వ్రాయబడలేదు."

"రాయకపోయినా అదేగా."

త్రిపురసుందరి గారు కలగజేసుకుని కొంచెం చల్లగా చెప్పారు. "చూడమ్మా, సారుకు ఎదురు చెప్పకు. ఆ తీగెలు లాగేసి, వాటి స్థానంలో మామూలు లావు రేకు అతికించుకో. మేం ఫైలు మూసేస్తాం. ఒక ఉల్లంఘన పట్టుకుని సరిదిద్దినట్టు మాకూ ఉంటుంది."

"ఆయన మంచం దాని పక్కనే మేడమ్," అంది కాశింబీ. ఆ మాట చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ తీగెలు లాగేయలేదు. నాలుగు రోజులు చూసి, పదకొండో నియమం ప్రకారం ఫ్యూజులకు సీలు వేయాలని పరాంకుశం గారు నిర్ణయించారు. పక్షోత్సవాల చివరి రోజు అది. ఉదయం పదకొండు గంటలకు వెళ్లాం. అప్పటికి గంట నుంచి ఊళ్లో కరెంటు లేదు. భద్రతా పక్షోత్సవాల కోసమే తీశారు, స్తంభాలకు భద్రతా నినాదాలు కట్టడానికి. మిషను కాశింబీ పెట్టె మీద నడుస్తోంది. మస్తాన్‌వలీ గొట్టం సర్దుకుని మాకు నమస్కారం పెట్టాడు.

"సీలు వేస్తే మిషను ఆపేయాల్నా సార్?" అని అడిగింది కాశింబీ.

"అక్కరలేదు. సీలు అనగా ఎవరూ ముట్టుకొనకుండుటకు మాత్రమే."

నేను మూత పట్టుకున్నాను. సంస్థ పత్రికలో వేయడానికి ఫొటో కావాలి గనుక సీలు పరాంకుశం గారే స్వయంగా వేయదలచారు. త్రిపురసుందరి గారు ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. ఆయన జేబులోంచి మెలితిప్పిన ఇనుప తీగె చుట్ట, సీసపు బిళ్ల బయటకు తీశారు.

కాశింబీ ఒక అడుగు ముందుకు వేసింది. "సార్, అది ఇనప తీగె. ఆ పట్టీకీ ఈ పట్టీకీ ఒకేసారి తగిలిందంటే షార్టయిపోద్ది. ప్లాస్టిక్ దారం ఇస్తా, దాంతో కట్టండి."

"పదకొండవ నియమమున 'లోహపు తీగె' అని స్పష్టముగా గలదు."

"వద్దు సార్. నా మాట ఇనండి."

"భయపడవలదమ్మా. ఇది కరెంటు తీగె కాదు. సీలు తీగె."

సీలు తీగెకు ఆ తేడా తెలియలేదు. ఒక కొస ఒక పట్టీని, మధ్య భాగం పక్క పట్టీని తాకగానే పేలాలు వేయించినట్టు టపటపమంది. నీలం నిప్పురవ్వలు ఆ వరస పొడుగునా లేచాయి. ఇనుప తీగె ఎర్రబడింది. పరాంకుశం గారు దాన్ని విదిలించి కొట్టి వేళ్లు నోట్లో పెట్టుకున్నారు. సన్నటి పొగ లేచి పోయింది. అంతే. ఇంకేమీ కాలేదు.

మిషను గురగుర ఆగిపోయింది.

అప్పటిదాకా ఆ చప్పుడు కింద వినపడనిది ఇప్పుడు వినపడింది. మస్తాన్‌వలీ ఊపిరి. గాలి లోపలికి వెళ్లడానికి దారి వెతుక్కుంటున్నట్టుగా ఉంది. ఆయన మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

కాశింబీ అరవలేదు. మమ్మల్ని తిట్టలేదు. పెట్టె ముందు కూర్చుని మాట తర్వాత మాటగా చెప్పింది. "అన్నా, ఆయన ఎనకాల కూర్చుని లేపి పట్టుకో. మేడమ్, స్టవ్ ఎలిగించి ఆ రాగికడ్డీ కాల్చండి. సార్, ఆ కిటికీ తెరిచి రెక్క పట్టుకోండి, ఎలుతురు చాల్లేదు."

కరెంటు లేనప్పుడు అతుకు వేసుకోవడానికి ఆవిడ దగ్గర పాతకాలపు రాగికడ్డీ ఉంది. పొయ్యి మీద కాల్చి వాడేది. త్రిపురసుందరి గారు చేతిలో ఫోన్ ఎక్కడ పడేశారో తెలియదు, స్టవ్ ముందు గొంతుక్కూర్చున్నారు. పరాంకుశం గారు కాలిన వేళ్లతో కిటికీ రెక్క పట్టుకుని నిలబడ్డారు. ఆయనను అలా ఒకరు చెప్పినట్టు చేస్తూ చూడడం నాకు అదే మొదలు.

నేను మంచమెక్కి మస్తాన్‌వలీని నా రొమ్ముకు ఆనించి పట్టుకున్నాను. ఆయన పక్కటెముకలు నా చేతుల కింద లేస్తున్నాయి, పడుతున్నాయి, గాలి మాత్రం రావడం లేదు. చెమటతో ఆయన వీపు తడిసి నా చొక్కాకు అంటుకుంది. పెదవుల రంగు మారుతోంది. పదకొండేళ్లుగా నేను రాసిన నివేదికలన్నింట్లో కలిపి ఇంత బరువు ఎన్నడూ మోయలేదు.

కాశింబీ ఒక వైరు కొరికి, అందులోంచి సన్నటి పోగులు విడదీసింది. కాలిన కడ్డీ అందుకుని ఒక సెల్లు నెత్తి మీద చుక్క, పట్టీ మీద చుక్క. ఇంకొకటి. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోందో, ప్రార్థిస్తోందో.

"ఆరు చాలు ఇప్పటికి," అని మీట నొక్కింది.

మిషను కీచుమని మళ్లీ గురగుర మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన తల నా భుజం మీదకు వాలింది. ఊపిరి దారిలో పడింది. ఏడు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూసుకున్నాను. నివేదికలో ఆ అంకె లేదు.

మిగతా పది తీగెలూ అతుకుతుంటే పరాంకుశం గారు కిటికీ దగ్గర నుంచే అడిగారు. "అమ్మా, పెట్టె మొత్తం ఎందుకు అంటుకోలేదు?"

"దేని తీగె దానికి ఉంది గదా సార్. ఆ వరసలోయి పదహారూ కరిగి తప్పుకున్నాయి. మేడమ్ చెప్పినట్టు లావు రేకు వేసుంటే మనం ఐదుగురం ఈడ ఉండేవాళ్లం కాదు."

ఆయన సీసపు బిళ్ల జేబులో వేసుకుని బయటికి నడిచారు.

ఆఫీసుకు వచ్చాక అసలు చిక్కు త్రిపురసుందరి గారికి తట్టింది. పదమూడో నియమం ప్రకారం ఫ్యూజు కరిగితే అది ప్రమాద సంఘటన. ప్రతి సంఘటనకూ విడి నివేదిక, విడి విచారణ. మొత్తం పదహారు.

"సార్, ప్రమాదానికి 'కారకుడు' అనే గడిలో ఎవరి పేరు రాయమంటారు?" అని ఆవిడ చాలా మెల్లగా అడిగారు.

పరాంకుశం గారు ముందున్న టీ ముట్టుకోలేదు. నియమావళి తెచ్చుకుని మొదటి పేజీ నుంచి వేలితో గీస్తూ చదివారు. కట్టు కట్టిన వేలది. సాయంత్రం నాలుగింటికి ఆయన ముఖంలో కళ వచ్చింది.

"రెండవ పుట. నిర్వచనములు. 'ఫ్యూజు అనగా పింగాణీ దిమ్మయందు అమర్చబడిన తీగె.' చెంచురామయ్యా, ఆ పెట్టెలో పింగాణీ చూచితివా?"

"లేదు సార్."

"కావున అందు ఫ్యూజు ఒక్కటియు లేదు. ఏనాడూ లేదు. కరిగినవి తీగెలు. తీగెలు కరుగుట సంస్థ పరిధిలోనిది కాదు."

అలా నూట పన్నెండు ఫ్యూజులూ ఒక వాక్యంతో మాయమయ్యాయి. బోర్డులు అక్కర్లేదు, చాపలు అక్కర్లేదు, సీలు అక్కర్లేదు. మిగిలింది ఒకటే. లేని ఫ్యూజులు ఉన్నాయని ఫారంలో రాసి, సంస్థను తప్పుదారి పట్టించినందుకు కాశింబీ క్షమాపణ రాసి ఇవ్వాలి. ఆ కాగితం నేనే తీసుకెళ్లాను.

ఆవిడ చదివింది. మళ్లీ చదివింది.

"అన్నా, మొన్న నిజం రాసినా. ఇప్పుడు అది అబద్ధమని రాయమంటున్నారు."

"అవునమ్మా."

"రాస్తే మళ్లీ రారు గదా?"

"రారు."

వెనక గదిలో మిషను నడుస్తోంది. ఆవిడ ఒకసారి అటు చూసి సంతకం పెట్టింది. కాగితం నా చేతికిస్తూ, "నాకేం సిగ్గు లేదులే అన్నా. ఆయన గాలి పీలుస్తున్నాడు," అంది. నేను తలెత్తి ఆవిడ ముఖం చూడలేకపోయాను.

ఉల్లంఘన పట్టుకుని, విచారించి, నేరస్థురాలి చేత ఒప్పించి, ఒక్క ప్రమాదమూ లేకుండా పక్షోత్సవాలు ముగించినందుకు మా డివిజన్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. పరాంకుశం గారు దాన్ని పటం కట్టించారు.

రెండు వారాల తర్వాత ఆదివారం మధ్యాహ్నం, మా ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిప్పే బ్యాటరీ పెట్టెను గోనెసంచిలో పెట్టుకుని నేను పలకల వీధికి వెళ్లాను. నాకు తెలిసిన ఒకతను చవకలో కూర్చి ఇచ్చింది అది. లోపల అన్నీ లావు రేకులే. ఆ ఏడు నిమిషాల తర్వాత నాకు దాని పక్కన నిద్ర పట్టడం లేదు.

కాశింబీ ముందు గదిలో నాకంటే ముందే ఇద్దరున్నారు. త్రిపురసుందరి గారు ముక్కాలిపీట మీద, ఒళ్లో తువ్వాలు కప్పిన పెట్టెతో. పరాంకుశం గారు నేల మీద బాసింపట్టు వేసుకుని, తన పెట్టె మూత తీసి పెట్టుకుని. ముగ్గురమూ ఒకరినొకరు చూసుకోలేదు. మస్తాన్‌వలీ లోపలి నుంచి అందరికీ టీ పెట్టమని భార్యకు చెప్పాడు.

"కాశింబీ గారూ," అన్నారు పరాంకుశం గారు, నియమావళిలో ఎక్కడా లేని మామూలు గొంతుతో. "ఒక్క సెల్లు కూడా వదిలిపెట్టకండి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు."

"వదలను సార్. మీదాంట్లో రెండు వందల పది ఉన్నాయి. సాయంత్రమవుద్ది. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ఆవిడ ఒక్కో తీగె అతుకుతుంటే పక్కనే వంగి చూస్తూ పైకి లెక్కపెట్టారు. మధ్యలో ఒకచోట లెక్క తప్పి మొదటి నుంచి మొదలుపెట్టారు. రెండు వందల పదీ సరిపోయాక జేబులోంచి సంస్థ ముద్ర వేసిన చీటీ ఒకటి తీసి, పెట్టె మూత మీద తనే అతికించుకున్నారు. 'ఈ పెట్టెయందు ఫ్యూజులు ఎంతమాత్రము లేవని తనిఖీ చేసి ధ్రువీకరించడమైనది.' కింద ఆయన సంతకమే.

నా పెట్టెకు కూడా ఒకటి ఇప్పించమని అడిగాను. ఇస్తానన్నారు గానీ వెంటనే ఇవ్వలేదు. నావి నూట నలభై ఫ్యూజులూ పడ్డాయో లేదో స్వయంగా లెక్కపెట్టి చూసుకున్నాకే ఇచ్చారు.